చెవికి చిల్లు పడితే చెవుడేనా?

వినాయక నిమజ్జనం అయిపోయిన మర్నాటి నుంచి మా కర్నూలు క్లినిక్‌లో ఒక వారం పది రోజులు చెవుల జాతర నడుస్తుంది. కేసీ కెనాల్ దాకా డీజే బండి వెనకే ఎగురుకుంటూ పోయిన పిల్లలు 'సార్, చెవిలో గుయ్యిమంటోంది' అని ఒకరి వెనక ఒకరు వస్తారు. ఈసారి పత్రికకు వచ్చిన ఉత్తరాలు చూస్తే అక్కడా అదే వరస. అందులోనూ ఎక్కువమందిని పట్టి పీడిస్తున్నది ఒకటే భయం, కర్ణభేరికి చిల్లు. కాబట్టి జలుబు, సైనస్ ఉత్తరాలు రాసినవాళ్ళు ఒక నెల ఓపిక పట్టండి. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు, ఊళ్ళు మాత్రం వేస్తున్నాం.

ప్రశ్న: హాస్టల్లో సరదాగా కొట్టుకుంటూ ఉంటే మా ఫ్రెండ్ చెంప మీద ఒకటి గట్టిగా పీకాడు. గూబ గుయ్యిమంది, కాసేపు ఏమీ వినపడలేదు. మర్నాడు ముక్కు చీదితే చెవిలోంచి తుస్సుమని గాలి వచ్చింది. డాక్టరు చూసి కర్ణభేరికి చిల్లు పడిందన్నారు, కానీ మందు ఏమీ రాయలేదు, ఆరు వారాల తర్వాత రమ్మన్నారు. చిల్లు పడ్డాక కూడా మందు ఇవ్వకపోతే ఎట్లా సార్? పోలీసు సెలక్షన్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: ముందు హాయిగా నిద్రపో బాబూ. మీ డాక్టరు మందు రాయలేదంటే నిర్లక్ష్యం చేశారని కాదు, సరిగ్గా చూశారని అర్థం.

చెవి దారిలో దాదాపు రెండున్నర సెంటీమీటర్లు లోపలికి పోతే అక్కడ దారికి అడ్డంగా ఒక పొర ఉంటుంది. అదే కర్ణభేరి. పేరు చూస్తే దేవళంలో మోగే భేరి అంత ఉంటుందనిపిస్తుంది గానీ, చొక్కా గుండీ కన్నా కాస్త చిన్నది, అడ్డం 9 మిల్లీమీటర్లు, మందం మిల్లీమీటరులో పదో వంతు, అంటే నోటుబుక్కు కాగితమంత. అంత పల్చటి దాంట్లోనే మూడు వరసలు: బయటి వైపు చర్మం, లోపలి వైపు నోట్లో ఉండేలాంటి తడి పొర, ఆ రెంటి మధ్య నార అల్లినట్టు ఒక గట్టి పొర. లైటు వేసి చూస్తే ముత్యం రంగులో మసక గాజులా ఉంటుంది. దాని వెనక అంటుకుని ఉన్న ఎముక పిడి తెల్లటి గీతలా పొర గుండా కనపడుతుంది. ఆ గీత చివరి నుంచి కిందికీ ముందుకీ మూడు మూలల ముక్కలా వెలుతురు తళుక్కుమంటుంది. ఆ తళుకు ఉండాల్సిన చోట ఉంటే మాకు సగం దిగులు పోతుంది. నీ డాక్టరుకు మాత్రం ఆ పొరలో ఒక నల్లటి కంత, దాని చుట్టూ చిరిగిన అంచు, అంచున ఎండిన నెత్తురు చుక్క కనపడి ఉంటాయి.

చెంపదెబ్బకు అంత లోపల ఉన్నది ఎందుకు చిరిగిందంటే, మీ వాడి అరచెయ్యి చెవి మీద మూత వేసినట్టు పడింది. దారిలో ఉన్న గాలికి బయటికి పోయే సందు లేదు, ఒక్కసారిగా లోపలికి తోసుకుంది, పొర ఆగలేకపోయింది. బావిలో పైనుంచి దూకినప్పుడు చెవి పక్కవాటుగా నీళ్ళకు తగిలినా ఇదే జరుగుతుంది. ఎండాకాలంలో మా దగ్గరికి వచ్చే చిల్లుల్లో ఈత పిల్లలవి తక్కువేం కాదు.

ఇప్పుడు అసలు సంగతి. కర్ణభేరి చచ్చిన తోలు కాదు, బతికున్న చర్మం. మోచెయ్యి గీరుకుపోతే ఎట్లా మానుతుందో ఇదీ అట్లే అంచుల నుంచి పెరుగుతూ వచ్చి మూసుకుంటుంది. దెబ్బ వల్ల పడ్డ చిల్లుల్లో చాలా భాగం కొన్ని వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో వాటంతట అవే పూడుకుంటాయి. మనం చేయాల్సిందల్లా దాని జోలికి పోకపోవడమే. నీళ్ళు పోకూడదు, తలస్నానం చేసేటప్పుడు దూదికి వేసలిన్ పట్టించి చెవికి పెట్టుకో. నూనె, చుక్కల మందు, పుల్ల ఏదీ వద్దు. ఎవరో స్నేహితుడు మెడికల్ షాపులో తెచ్చిచ్చిన చుక్కలు అసలే వద్దు, వాటిలో కొన్ని చిల్లు గుండా పోతే లోపలి చెవికి హాని చేస్తాయి. ముక్కు గట్టిగా చీదొద్దు. గాలి తుస్సుమనడం తమాషాగా ఉందని మళ్ళీ మళ్ళీ చేసి చూసుకోవద్దు కూడా, ఆ గాలితో పాటు ముక్కులోని క్రిములు చెవిలోకి పోతాయి.

ఒక చిన్న పరీక్ష నువ్వే చేసుకోవచ్చు. ముందు బాగున్న చెవిని వేలితో మూసి, నోరు మూసుకుని 'మ్...' అని రాగం తియ్యి. మూసిన చెవిలోనే నీ గొంతు గట్టిగా వినపడుతుంది, వింతగా ఉంటుంది గానీ ఎవరికైనా అంతే. ఇప్పుడు వేలు తీసేసి మళ్ళీ రాగం తియ్యి. శబ్దం దెబ్బ తగిలిన చెవి వైపుకి లాగినట్టుంటే ఇబ్బంది దారిలోనే ఉంది, లోపల వినే యంత్రం బాగుందని లెక్క. బాగున్న చెవి వైపుకి లాగినా, తల తిరిగినా, చీము కనపడినా ఆరు వారాలు ఆగొద్దు, రేపే పో. మేము శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) నుదుటి మీద పెట్టి చేసే పరీక్షకు ఇది ఇంటి నకలు, దీన్ని నమ్ముకుని డాక్టరును మానేయొద్దు.

మూడు నెలలైనా మూసుకోకపోతే ఆపరేషన్ ఉంది. చెవి పైన కణత కండరాన్ని కప్పి ఉండే పల్చటి పొర ముక్క తీసి చిల్లుకు అడుగున పరుస్తాం, దాన్ని ఆనుకుని కర్ణభేరి కొత్తగా పెరుగుతుంది. 1950ల చివరి నుంచి ఈ పొరతోనే అతుకు వేస్తున్నారు, కొత్త ప్రయోగం ఏం కాదు. మన కర్నూలు పెద్దాసుపత్రిలోనూ, అనంతపురం, కడప ప్రభుత్వాసుపత్రుల్లోనూ చెవి ముక్కు గొంతు విభాగాలు ఉన్నాయి. పొర మూసుకున్నాక వినికిడి పరీక్ష చేయించి ఆ కాగితం దాచిపెట్టుకో, సెలక్షన్స్‌లో పనికొస్తుంది. మీ ఫ్రెండుకు కూడా చెప్పు, సరదాకైనా చెంప మీద కొట్టే అలవాటు మానుకోమని.

ప్రశ్న: కర్ణభేరి డోలు చర్మంలా కంపిస్తుందని మా సైన్స్ మేడమ్ చెప్పారు. మా ఊరి జాతరలో ఉరుములోళ్ళు ఉరుము అనే డోలు వాయిస్తే ఆ చర్మం ఊగేది కళ్ళకే కనపడుతుంది. మరి కర్ణభేరి కూడా మోగుతుందా సార్? మోగితే పక్కవాళ్ళకి వినపడాలి కదా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, గుంతకల్లు

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది నీదేనమ్మా.

ఉరుము చర్మాన్ని కొడితే కర్ర తీసేశాక కూడా కాసేపు మోగుతుంది. కర్ణభేరి అట్లా మోగితే మన పని అయిపోయినట్టే, మేడమ్ 'కూర్చో' అన్న మాట 'లేచి నిలబడు' అన్న మాటతో కలిసిపోయి అంతా గోలగా ఉంటుంది. అందుకే అది శబ్దం వచ్చినంతసేపే కదులుతుంది, శబ్దం ఆగిన వెంటనే తనూ ఆగిపోతుంది. పైగా డోలు చర్మంలా బల్లపరుపుగా ఉండదు, మధ్యలో లోపలికి లాగినట్టు గుంటగా ఉంటుంది. రేడియోలో స్పీకరు కాగితం చూశావా, దాదాపు ఆ ఆకారం. కదిలేది కూడా ఎంతనుకున్నావు? మనకు వినపడే అతి సన్నటి శబ్దానికి అది కదిలే దూరం ఒక హైడ్రోజన్ పరమాణువు అడ్డం కన్నా తక్కువ. నేను ఇన్నేళ్ళుగా రోజూ కర్ణభేరులు చూస్తున్నా, శబ్దానికి కదిలిన కర్ణభేరిని నా కళ్ళతో ఒక్కసారీ చూడలేదు.

అంత చిన్న కదలిక దేనికి పనికొస్తుందంటే, దీనికి మీ ఊరి బావి కావాలి. నువ్వు బావిలో తల ముంచి ఉన్నప్పుడు గట్టు మీద మీ అన్న ఎంత అరిచినా నీకు సరిగ్గా వినపడదు. గాలిలో వచ్చే శబ్దం నీటి మీద పడగానే దాదాపు అంతా వెనక్కి పోతుంది, నూటికి 99.9 వంతులు. తమాషా ఏంటంటే మన లోపలి చెవి నిండా ఉండేది కూడా ద్రవమే, నత్తగుల్లలా రెండున్నర చుట్లు చుట్టుకున్న ఒక గొట్టంలో. అంటే మన అందరి వినికిడీ బావిలో మునిగే ఉంది! గట్టు మీది మాటను ఆ నీళ్ళలోకి దించాలంటే మధ్యలో ఒక ఉపాయం కావాలి.

కర్ణభేరి, దాని వెనక మూడు బుల్లి ఎముకలు కలిసి ఆ ఉపాయం. మీ పుస్తకంలో కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని ఉంటాయి. మొదటిది సుత్తిలా, రెండోది కమ్మరి దాగలిలా, మూడోది గుర్రపు రికాబులా ఉంటుంది. ఆ రికాబు ఒంట్లోని ఎముకలన్నిటిలోకీ చిన్నది, మూడు మిల్లీమీటర్లు, కర్నూలు సోనా బియ్యపు గింజ కన్నా చిన్నది. శబ్దానికి కర్ణభేరిలో కదిలే భాగం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. ఆ ఒత్తిడంతా పోయి పడేది రికాబు పాదం మీద, అది మూడు చదరపు మిల్లీమీటర్ల పైచిలుకు. పెద్ద చోట పడ్డ బలాన్ని తెచ్చి చిన్న చోట పెడితే ఏమవుతుంది? చెప్పు కాలితో తొక్కితే నేలకు ఏమీ కాదు, అదే కాలి బలం మేకు మొన మీద పెడితే దిగబడుతుంది. ఇక్కడ ఆ లెక్క 17 రెట్లు. ఎముకలు మీటలా పనిచేసి ఇంకాస్త కలుపుతాయి, మొత్తం మీద దాదాపు 20 రెట్ల ఒత్తిడితో శబ్దం నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళలో అల ఎట్లా పరుగెడుతుందో కనిపెట్టిన గియోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇక నీ రెండో ప్రశ్న, పక్కవాళ్ళకి వినపడాలి కదా అన్నది. నువ్వు తమాషాకి అడిగి ఉంటావు గానీ అది నిజం. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి వెంట్రుకల కణాలు కొన్ని వినడమే కాదు, అతి చిన్న శబ్దం వెనక్కి పంపుతాయి కూడా. అది అదే ఎముకల మీదుగా తిరిగొచ్చి కర్ణభేరిని కదుపుతుంది, అప్పుడు కర్ణభేరి నిజంగానే స్పీకరు అవుతుంది. 1978లో డేవిడ్ కెంప్ అనే ఆయన చెవి దారిలో చిన్న మైకు పెట్టి ఆ శబ్దాన్ని పట్టుకున్నాడు. పుట్టిన బిడ్డ 'నాకు వినపడుతోంది' అని చెప్పలేదు కదా, అందుకని ఇప్పుడు ఆసుపత్రుల్లో పసిబిడ్డల చెవులు ఇట్లాగే పరీక్షిస్తారు. బిడ్డ నిద్రపోతూ ఉంటుంది, చెవి జవాబు చెబుతుంది. ఇది మీ మేడమ్‌కి కూడా చెప్పు.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్ళు. జలుబు చేస్తే చాలు, రాత్రి పూట చెవి పట్టుకుని ఏడుస్తుంది. మా అత్త శెనక్కాయ నూనెలో తెల్లగడ్డ వేసి కాచి గోరువెచ్చగా రెండు చుక్కలు వేస్తుంది. రెండుసార్లు తెల్లారేసరికి నొప్పి పోయింది, కానీ దిండు మీద చీము మరక ఉంది. 'చూడు, చెడంతా బయటికొచ్చింది' అంటుంది. మూడు నెలల నుంచి అప్పుడప్పుడూ కారుతూనే ఉంది. నేను ఎదురు చెప్పలేను, మీరే చెప్పండి.
– ఒక తల్లి, ఆదోని

జవాబు: ఈ జవాబు మీ అత్తగారికి చదివి వినిపించండమ్మా. ఆమె చూసింది అబద్ధం కాదు, నొప్పి పోవడమూ నిజమే, చీము రావడమూ నిజమే. నూనె వల్ల అనుకోవడమే పొరపాటు.

కర్ణభేరి వెనక ఒక చిన్న గది ఉంటుంది, గాలి నిండిన గది. ఆ గదికి ముక్కు వెనక నుంచి ఒక సన్నటి గొట్టం గాలి తెస్తుంది. పెద్దవాళ్ళలో అది మూడున్నర సెంటీమీటర్ల పొడవుండి ఏటవాలుగా కిందికి దిగుతుంది, చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే గొట్టం వాచి మూసుకుపోతుంది, గదిలో నీరు చేరుతుంది, క్రిములు పట్టి అది చీము అవుతుంది. పోవడానికి దారి లేక కర్ణభేరిని లోపలి నుంచి తన్నుతుంది. ఆ నొప్పికే రాత్రి పాప ఏడ్చేది. ఇక ఆగలేక ఏ తెల్లవారుజామునో పొర చిట్లుతుంది. చిట్లగానే ఒత్తిడి తగ్గుతుంది, నొప్పి పోతుంది, చీము దిండు మీదికి వస్తుంది. అంటే నొప్పి పోయింది నూనెకు కాదు, చిల్లు పడినందుకు. నూనె వేసిన రాత్రి అయినా, వేయని రాత్రి అయినా అదే జరిగేది.

మా జేజి కూడా ఇదే నూనె కాచేది, ఇదే మాట అనేది. పీజీ చదివేటప్పుడు ఒకరి చెవులు ఒకరం చూసి నేర్చుకుంటుంటే నా కుడి చెవి చూసిన క్లాస్‌మేట్ 'ఒరే, నీ కర్ణభేరి మీద సున్నం వేశారేంట్రా' అన్నాడు. చిన్నప్పటి చీము చెవి మానాక మిగిలే తెల్లటి మచ్చ అది. ఇప్పటికీ ఉంది, వినికిడికి ఏం లోటు లేదు. మా జేజిని తలుచుకుంటే కోపం రాదు, ఆ కాలానికి ఆమె దగ్గర ఉన్నది అదే.

మీ పాప సంగతి వేరు, మూడు నెలలుగా కారుతోందంటే చిల్లు మూసుకోలేదన్నమాట. ఇప్పుడు వేసే ప్రతి చుక్క నూనె ఆ చిల్లులోంచి లోపలి గదిలోకి పోతుంది, తడికి బూజు కూడా పడుతుంది. ఈ వారమే చెవి డాక్టరుకు చూపించండి. ముందు చెవిని శుభ్రం చేసి ఆరబెడతారు, చిల్లు ఉన్నా హాని చేయని చుక్కలు వాళ్ళే రాస్తారు, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే కండ వాచిందేమో చూస్తారు. ఆపరేషన్ కావాలా, ఎప్పుడు అన్నది తర్వాత మాట. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా, కారేది కొద్దిగానే ఉన్నా కుళ్ళు వాసన వస్తుంటే ఆలస్యం చేయకండి. పొర పై భాగంలో చర్మం లోపలికి ముడుచుకుపోయి ముద్దలా పెరిగి చుట్టూ ఎముకను తినేసే జబ్బు ఒకటుంది. అది ముఖం నరానికీ మెదడుకూ పాకుతుంది. దానికి నొప్పి ఉండకపోవచ్చు, అదే దాని మోసం.

ఇంకో మాట. పాప పిలిస్తే పలకకపోయినా, టీవీ దగ్గరికి పోయి కూర్చున్నా మొండిది అని కొట్టకండి. దానికి వినపడి ఉండదు.

ప్రశ్న: కువైట్‌లో డ్రైవర్‌గా చేస్తున్నా. సెలవుకు వచ్చేటప్పుడు విమానం దిగుతుంటే చెవులు పగిలిపోతాయేమో అన్నంత నొప్పి. ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు. పక్క సీటాయన ముక్కు మూసుకుని ఊదమన్నాడు, చెయ్యొచ్చా?
– రాజంపేట పాఠకుడు

జవాబు: చెయ్యొచ్చన్నా, కానీ మెల్లిగా. పైజవాబులో చెప్పిన ఆ గొట్టమే ఇక్కడా కథానాయకుడు. విమానం ఎక్కేటప్పుడు చెవి లోపలి గాలి సులువుగా బయటికి జారుకుంటుంది, దిగేటప్పుడు మాత్రం బయటి ఒత్తిడి పెరిగి గొట్టం నోరు నొక్కేస్తుంది, కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంది. మింగినప్పుడూ ఆవులించినప్పుడూ గొట్టం తెరుచుకుంటుంది, కాబట్టి దిగడం మొదలయ్యిందని చెప్పగానే నిద్ర లేచి చాక్లెట్టో, సోంపో నములుతూ ఉండండి. నొప్పి మొదలయ్యాక కాదు, ముందు నుంచే. చాలకపోతే ముక్కు మూసి, నోరు మూసి, బుగ్గలు ఉబ్బేలా నెమ్మదిగా ఊదండి, చెవిలో టప్ మంటే చాలు ఆపేయండి. ఈ పద్ధతికి వల్సాల్వా అనే ఇటలీ వైద్యుడి పేరు ఉంది, ఆయన చెవి మీద పుస్తకం అచ్చు వేసింది 1704లో, విమానాలు పుట్టక రెండు వందల ఏళ్ళ ముందు. గట్టి జలుబు ఉంటే టికెట్ మార్చుకోగలిగితే మార్చుకోండి, లేదంటే ముక్కులో వేసుకునే స్ప్రే గురించి డాక్టరును అడిగి వెంట ఉంచుకోండి. తిరుమల ఘాట్ దిగేటప్పుడు చెవులు దిబ్బడ పడేదీ ఇదే, అక్కడ కొంచెం, ఇక్కడ ఎక్కువ.

ప్రశ్న: వారానికి ఒకసారి ఇయర్‌బడ్స్‌తో గులిమి తీసుకోకపోతే నాకు తోచదు. దానివల్ల కర్ణభేరికి ప్రమాదమా?
– గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: ప్రమాదమే. గులిమి మురికి కాదమ్మా, చెవి తనకు తాను పూసుకునే మందు. అది తయారయ్యేది దారి మొదటి భాగంలోనే, లోపల కాదు. చెవి చర్మానికి ఒక విచిత్రమైన గుణం ఉంది: కర్ణభేరి మధ్య నుంచి బయలుదేరి బయటి వైపుకి గోరు పెరిగినంత నెమ్మదిగా జరుగుతూ వస్తుంది. పొర మీద సిరా చుక్క పెట్టి వారాల తరబడి చూస్తే చుక్క అంచుకి, అక్కడి నుంచి దారిలోకి నడిచి వస్తుంది. గులిమి కూడా దాంతోపాటే వస్తుంది. మీరు బడ్ పెట్టి తోసిన ప్రతిసారీ వచ్చేదాన్ని మళ్ళీ లోపలికి కూరుతున్నారు. బడ్ పెట్టుకున్న చేతికి పరుగెత్తుకొచ్చిన పిల్లోడు తగిలి చిల్లు పడ్డ కేసులు నేను లెక్కలేనన్ని చూశాను, ఎదురుగా తలుపు తగిలినది కూడా ఒకటి. బస్టాండ్ దగ్గర దూది పుల్లలు పట్టుకుని తిరిగేవాళ్ళకు చెవి అప్పగించడం అంతకన్నా తప్పు. స్నానం అయ్యాక తువ్వాలు కొసతో వేలు పోయినంత మేర తుడుచుకోండి, చాలు. గడ్డ కట్టి దిబ్బడ పడితే మా దగ్గరికి రండి, ఐదు నిమిషాల పని.

పురుగు దూరితే మాత్రం పిన్నీసు తీసుకోవద్దు, చెవిలో చిల్లు లేదని తెలిస్తే నాలుగు చుక్కల కొబ్బరినూనె వేసి పురుగును చావనిచ్చి అప్పుడు రండి. నూనె చెవికి పనికొచ్చే సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే, ఆదోని అత్తగారికి ఈ ముక్క కూడా చదవండి.

ప్రశ్న: బండలు పాలిష్ పట్టే యూనిట్‌లో పదిహేనేళ్ళుగా పని చేస్తున్నా, వయసు 38. డాక్టరు చూసి కర్ణభేరి శుభ్రంగా ఉందన్నాడు, చిల్లు లేదన్నాడు. కానీ నా భార్య మాట్లాడితే శబ్దం వినపడుతుంది, మాట అర్థం కాదు. 'నేను చెబితేనే నీకు వినపడదు' అని రోజూ గొడవ. చిల్లు లేనప్పుడు ఇదేంటి సార్?
– తాడిపత్రి పాఠకుడు

జవాబు: చిల్లు ఉండి ఉంటే నాకు చెప్పడం సులువయ్యేదన్నా.

గుంతకల్లు అమ్మాయికి రాసినది ఒకసారి చదవండి. కర్ణభేరీ, ఎముకలూ శబ్దాన్ని మోసుకుపోయి అప్పగించే కూలీలు. అప్పగించుకునేది లోపల నత్తగుల్లలో ఉన్న వెంట్రుకల కణాలు, ఒక్కో చెవికి సుమారు 15,000. మనం పుట్టినప్పుడు ఎన్ని ఉన్నాయో అన్నే, పోయినవి మళ్ళీ మొలవవు. కర్ణభేరి చర్మం కాబట్టి చిరిగినా అతుక్కుంటుంది, అతుక్కోకపోతే మేము అతుకు వేస్తాం. ఈ కణాలకు అతుకు వేసే వైద్యం ఇంకా రాలేదు. 'చెవులకు చిల్లులు పడేట్టు మోత' అంటాం కదా, బాంబు పేలుడులాంటిది పక్కనే జరిగితే తప్ప మోతకు చిల్లు పడదు. మోత చిల్లు పెట్టకుండానే లోపలికి పోయి ఈ కణాలను కాల్చేస్తుంది. అందుకే మీ డాక్టరుకు పొర శుభ్రంగా కనపడింది.

మొదట చచ్చేవి సన్నటి, కీచు శబ్దాలను పట్టే కణాలు, 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కలవి. మాటలో అచ్చులు లావు శబ్దాలు, అవి మీకు బాగానే వినపడతాయి, అందుకే 'శబ్దం వినపడుతుంది' అంటున్నారు. స, శ, త, ప లాంటి హల్లులు సన్నటివి, అవి జారిపోతాయి. 'పాలు' అన్నా 'తాలు' అన్నా మీకు 'ఆలు' అనే వినపడుతుంది. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు ఇంకా సన్నం కాబట్టి, మేస్త్రి మాట అర్థమై ఆవిడ మాట అర్థం కాకపోవడం మీ నాటకం కాదు.

లెక్క ఇట్లా ఉంటుంది: 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిది గంటలు, అంతకు మించొద్దంటారు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగం అవుతుంది, 88కి నాలుగు గంటలు, 100 దగ్గర పావుగంట. మీటరు లేకపోతే ఒక బండగుర్తు: చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే ఆ మోత చెవికి మంచిది కాదు. డీజే బండి పక్కన ఎగిరే పిల్లలకూ ఇదే లెక్క, వాళ్ళకు ఒక్క సాయంత్రం, మీకు పదిహేనేళ్ళు. చెవిలో దూది పెట్టుకుంటున్నాం అంటారు చాలామంది, దూది మోతను పెద్దగా ఆపదు. నురుగు ప్లగ్గులు మెలితిప్పి సరిగ్గా దోపుకోవాలి, లేదా హెడ్‌ఫోన్‌లా ఉండే ఇయర్‌మఫ్‌లు. యజమాని ఇవ్వాల్సినవి, అడగండి. ఇవ్వకపోతే మీ డబ్బుతోనైనా కొనుక్కోండి, మిగిలిన కణాలు మీవి. గొడవ తర్వాత పెట్టుకోవచ్చు.

ఇంకొకటి, ఇది మీకే కాదు చదివే అందరికీ. రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే 'గులిమి అడ్డం పడిందిలే' అని వారం ఆగొద్దు. లోపలి చెవికి వచ్చే ఒక రకం ఎమర్జెన్సీ అది, మొదటి రెండు మూడు రోజుల్లో మందు పడితే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.

మీరు ఆడియోగ్రామ్ తీయించుకోండి. హెడ్‌ఫోన్ పెట్టి సన్నటి కూతలు వినిపిస్తారు, వినపడినప్పుడల్లా బటన్ నొక్కడమే. గ్రాఫులో గీత బల్లపరుపుగా వచ్చి వచ్చి 4,000 దగ్గర బావిలో దూకినట్టు దిగుతుంది, ఆ తర్వాత కొంచెం పైకి లేస్తుంది. మోత తిన్న చెవి గుర్తు అది. గుంట ఎంత లోతుందో చూసి వినికిడి మిషన్ కావాలా, ఇప్పుడే అవసరం లేదా చెబుతాం. వచ్చేటప్పుడు మీ ఆవిడను కూడా తీసుకురండి, ఆ గుంట ఆవిడకు కూడా చూపించాలి.